ధర్మపు సొమ్మునకు లెక్క

రామచంద్రపురమున మాలో నొకరి యింట, బట్టల బీరువా పై యరలో, నీలపు అట్ట గల చిట్టాపుస్తకమొకటి యున్నది. నూరు పుటల పుస్తకము. అందు ఇరువదియేడవ పుట నడిమివరకు వ్రాత కలదు. అచ్చట వ్రాత హఠాత్తుగా ఆగిపోయి, క్రింది సగము తెల్లగా మిగిలినది. ఆ పుస్తకమును మరల తెరచుటకు ఏడాదికి పైగా మాలో నెవ్వరికిని చేతులాడలేదు. సోదరీమణులారా! ఆ తెల్లకాగితపు కథను మీకు చెప్పవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాము. ఇది మాకు గౌరవము తెచ్చు కథ కాదు. ఐనను ఇట్టి పుస్తకములు ప్రతి యూరను ఏదో యొక బీరువాలో నుండునని మా యనుమానము.

మేమనగా పన్నెండుగురము, ఇండ్లు చక్కబెట్టుకొనువారము. కార్తికమాసమున ఒక సోమవారము కలిసి ద్రాక్షారామమునకు పోయి భీమేశ్వరస్వామి దర్శనము చేసికొని వచ్చుట మాకలవాటు. ఒక యేడు తిరుగుప్రయాణమున ఆటోలో కూర్చుండి యుండగా, మాలో నొకరు తమ వీధిలోని పిల్ల సంగతి యెత్తిరి. ఆ పిల్ల ఇంటర్మీడియెటు చదువుచున్నది. తండ్రి లేడు. పరీక్షరుసుము కట్టు దారి లేక తల్లి ఆ పిల్లను చీరల దుకాణములో పనికి కుదుర్చ నెంచినదట. ఆటో మా యూరి పొలిమేర చేరులోపల ఆ రుసుము మా కొంగుముడులనుండి పోగైనది. దాని వెంటనే మాకొక యుత్సాహము కలిగినది. ఒక్క పిల్లకేల, నెలకు తలా నూరు రూపాయలు వేసికొన్నచో ఏడాదికి ఎందరు పిల్లలు గట్టెక్కరు? అట్లు పుట్టినది మా సమాజము. పేరుకూడ పెట్టితిమి గాని, ఆ పేరు ఇచ్చట వ్రాయుటకు ఇంకను కొంచెము సిగ్గగుచున్నది.

సొమ్ము దాచు భారము మాలో పెద్దవారు వహించిరి. వారిని మేమందరము అక్కగారని పిలుతుము. అక్కగారింట సొమ్మున్నచో బ్యాంకులో నున్నట్లేయని మా నమ్మకము. వారి వంటయింట పోపులపెట్టె ప్రక్క నొక స్టీలుడబ్బా. అదియే మా ఖజానా. తొలినెలలలో ముచ్చటగా ఎఱ్ఱసిరాతో గీతలు గీసి, జమ యొకవైపు, ఖర్చొకవైపు వ్రాసితిమి. రానురాను వ్రాత పలుచబడినది. ఎవరైన సందేహము వెలిబుచ్చినచో "అక్కగారికి తెలుసు గదా" యని మిగిలినవారనెడివారు. ఆ మాటయే మా లెక్కపద్ధతి యైనది.

మూడేండ్లు పని బాగుగనే సాగినది. రుసుములు కట్టితిమి, పుస్తకములు కొంటిమి, కాకినాడకు పోయి చదువుకొను ఇద్దరు పిల్లలకు బస్సుపాసులు తీసితిమి. ఇంట పెండ్లియైనను, మనుమడు పుట్టినను, నూటపదార్లు సమాజమునకు పంపుట మాలో నొక మర్యాదయైనది. మగవారు మొదట నవ్విరి. తరువాత తామును జేబులు తడవిరి.

అంతలో మా యూర పుట్టి అమెరికాలో స్థిరపడిన యొక కుటుంబమువారు మా సంగతి విని, ఇరువదియైదువేల రూపాయలు పంపుదుమని వర్తమానము చేసిరి. దానితోపాటు రెండు ప్రశ్నలు. మీ సమాజము రిజిస్టరు అయినదా? గడచిన యేటి జమాఖర్చుల కాగితము పంపగలరా? ఎంతో వినయముగా నడిగిరి. మాకు మాత్రము కోపము వచ్చినది. దేవునిపని వంటి పనికి కాగితమేమి? మమ్ము నమ్మరా యేమి? ఆ సాయంకాలమంతయు వారిని ఆడిపోసికొని, చివరకు ఎవరో "కాగితమే గదా, వ్రాసి పారవేయుదము" అనగా, చిట్టాపుస్తకమును, డబ్బాను ముందు పెట్టుకొని కూర్చుంటిమి.

డబ్బాలో నుండవలసినదానికంటె 4,300 రూపాయలు తక్కువ!

మరల కూడితిమి. మరల తీసివేసితిమి. మాలో బి.కాం. చదివిన కోడలుపిల్ల సెల్ఫోనులో లెక్క కట్టినది. అదే సంఖ్య. అక్కగారి ముఖము పాలిపోయినది. "నేను తిన్నాననా మీ ఉద్దేశం?" అని వారడిగిరి. అట్లని ఎవ్వరును అనలేదు. కాదని కూడ ఎవ్వరును అనలేదు. ఆ నిమిషమున మేము మాటాడక యూరకుండుట యిప్పటికిని మా మనస్సులను కలచుచుండును. అక్కగారు డబ్బా మూతపెట్టి, మా ముందుంచి, లేచి లోనికి పోయిరి. ఆపైన వారు మా గుమ్మము త్రొక్కలేదు. మేమును వారి గుమ్మము త్రొక్కలేదు.

తరువాత జరిగినది ఇంకను బాధాకరము. ఆ నెలలోనే ఒక పిల్లకు పరీక్షరుసుము కట్టవలసి యుండెను. అక్కగారు కట్టియుందురని కొందరము, కట్టుట యిక మన పని కాదని కొందరము, ముందు తగవు తేలవలెనని కొందరము. గడువు దాటినది. ఆలస్యరుసుముతో కట్టు గడువును దాటినది. ఆ పిల్ల యొకనాడు మాలో నొకరి యింటికి వచ్చి, వాకిట నిలుచుండి, "ఈ సంవత్సరానికి అయిపోయిందండి, మీరేమీ అనుకోకండి" అని చెప్పి వెడలిపోయినది. మమ్ము ఓదార్చుటకు వచ్చినట్లుగా నుండెను ఆ పిల్ల మాట. ఒక యేడాది చదువు మా మూలమున పోయినది. దొంగ యెవ్వరును లేకయే నష్టము జరిగినది.

ఈ నేలమీద దానమునకు కొదువ యెన్నడును లేదు. 1852 లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైనది మొదలు గోదావరి నీరు కాలువలలో పారి, మా సీమ ధాన్యపుగాదె యైనది. గాదె నిండినచోట పెట్టు చేయి పుట్టును. మా యూరినుండి బస్సులో కొద్దిసేపటి ప్రయాణమున నున్న మండపేటలో 1841 లో డొక్కా సీతమ్మగారు జన్మించిరి. వారి తండ్రి యడిగినవారికెల్ల అన్నము పెట్టి 'బువ్వన్న' యని పేరుపొందినవారు. ఆమె లంకల గన్నవరము జోగన్నగారి యిల్లాలై, గోదావరిపాయల నడుమ నున్న ఆ యూరిమీదుగా పోవు బాటసారులకు వేళగాని వేళ సైతము అన్నము పెట్టిరి. అంతర్వేది తీర్థమునకు బయలుదేరి, త్రోవలో ఆకలిగొన్న పిల్లలు "గన్నవరము చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు" అని ఓదార్పు పొందుచుండగా విని, స్వామిదర్శనము మాని వెనుకకు మరలి, వారికంటె ముందుగా ఇల్లు చేరి పొయ్యి వెలిగించిరని మా యత్తగారి తరమువారు కన్నీటితో చెప్పెడివారు. ఆస్తి తరిగిపోవుచున్నను ఆ పొయ్యి ఆరలేదందురు. ఆమె 1909 ఏప్రిలు 28 న పరమపదించిరి. 2024 లో రాష్ట్రప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఆమె పేరిట పెట్టు ఆ భోజనమునకు ఈనాడు గ్రుడ్డు గ్రుడ్డునకు లెక్క వ్రాయుదురు!

సీతమ్మగారికి మాత్రము చిట్టాపుస్తకముతో పనిలేకపోయెను. ఆమె పెట్టినది తన యింటి ధాన్యము. ఆమె లెక్క చెప్పవలసినది భర్తకు, భగవంతునికి. మా పొరపాటంతయు ఇచ్చటనే యున్నదని మాకు చాల ఆలస్యముగా తెలిసినది. ఆమె మనస్సు మాకు లేకపోయినను, ఆమె పద్ధతిని మాత్రము పట్టుకొంటిమి. స్వంత గాదెనుండి కొలిచి పోయువారు కుంచమునకు లెక్క పెట్టకపోయిన చెల్లును. పదియిండ్ల గాదెలనుండి తెచ్చి పోయునపుడు, ఆ పదియిండ్లవారికిని, పోయించుకొనువారికిని లెక్క చెప్పవలసియే యుండును.

ఈ సంగతి మన ప్రాంతపు పెద్దలు కొందరు మనకంటె చాలముందే గ్రహించిరి. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తమ సర్వస్వమును హితకారిణీ సమాజమునకు వ్రాసియిచ్చి, తాము లేని దినమున సైతము పని సాగునట్లు చేసిరి. వారి సతీమణి రాజ్యలక్ష్మమ్మగారిని ఇచ్చట తలపక పోరాదు. 1881 లో తొలి వితంతువివాహము జరిగినపుడు వంటవారును, నీళ్లవారును మానివేయగా, ఆ యిల్లాలే గోదావరినుండి నీరు మోసి, పొయ్యి రాజేసి, పెండ్లివారికి వండిపెట్టినది. సమాజములకు నియమావళులు వ్రాయునది మగవారైనను, ఆ నియమములు నిలుచుటకు వలసిన నీటిబిందెలు మోసినవారు స్త్రీలని చరిత్రకారులు ఒక పంక్తిలో వ్రాసి ముందుకు సాగుదురు. కాకినాడలో మల్లాడి సత్యలింగనాయకరుగారు రంగూనులో నార్జించిన ధనమును మరణశాసనముద్వారా ధర్మకార్యములకు వదలిరి. దాత పోయిన తరువాత ధర్మము బ్రతుకవలెనన్న కాగితమే దిక్కని వర్తకము చేసినవారికి బాగుగ తెలియును.

కాని స్త్రీలు తామే ముందునకు వచ్చి, పరుల సొమ్ము అడిగి తెచ్చి, సంస్థ నడుపుట వేరు సంగతి. మా ద్రాక్షారామమునందే 1881 లో దువ్వూరి సుబ్బమ్మగారు పుట్టిరి. బాల్యముననే వైధవ్యము. ఆ కాలమున అట్టి స్త్రీ వంటయింటి చీకటినుండి వెలుపలికి వచ్చుటయే యెంతో కష్టము. ఆమె వేదికలెక్కి స్వరాజ్యమును గూర్చి యుపన్యసించి, 1922 లో కారాగారమున కేగి, తిరిగివచ్చి, రాజమహేంద్రవరమున స్త్రీలకొరకు విద్యాలయము నెలకొల్పిరి. చందాలకై తిరిగిరి. చందా అడుగుట యెంత కష్టమో, అడిగి తెచ్చినవారికే తెలియును. వాకిట నిలువబెట్టి మాటాడువారుందురు. "మళ్ళీ రండి" అనువారుందురు. ఇచ్చి, ఇచ్చినట్లు వీధివీధికిని చెప్పువారుందురు. మేము మా యూరిలోనే నూరు రూపాయలకు పడిన పాట్లు తలచుకొన్నపుడు, ఆమె ముందు చేతులు జోడింపవలెననిపించును.

సీతమ్మగారు దివంగతులైన యేడే, అనగా 1909 జూలై 15 న, రాజమహేంద్రవరమున దుర్గాబాయిగారు జన్మించిరి. ఇది కేవలము కాకతాళీయము. ఐనను మాకు ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన వ్రాసికొనుట యిష్టము.

దుర్గాబాయిగారి బాల్యమంతయు కాకినాడలో గడచినది. 1921 లో గాంధీమహాత్ముడు కాకినాడ వచ్చుచున్నాడని విని, పండ్రెండేండ్లయినను నిండని ఆ బాలిక, దేవదాసీలును, ఘోషాలోనుండు ముసల్మాను స్త్రీలును ఆయనను చూడవలెనని పట్టుపట్టినది. ఐదువేల రూపాయలు సమర్పించినచో కొద్ది నిమిషములు కేటాయింతుమని పెద్దలనిరి. పిల్ల తేలేదులే యనుకొనిరి కాబోలు. ఆ సొమ్ము ఆ దేవదాసీలే కూర్చియిచ్చిరి. ఊరిలో నెవ్వరును ప్రక్కన కూర్చుండనీయని స్త్రీల సొమ్ము అది. గాంధీగారు కొద్ది నిమిషములకని వచ్చి చాలసేపు మాటాడిరి. దుర్గాబాయి వారి హిందుస్థానీని తెలుగుచేసినది. దాత యనగానే ఎత్తైన మేడయు, శాలువయు మన కన్నులకు కట్టును. కాకినాడలో ఆ దినమున దాతలు మరియొక తీరువారు.

రెండేండ్లకు, 1923 లో, కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినది. ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద దుర్గాబాయి స్వచ్ఛందసేవిక. టికెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆజ్ఞ. జవహర్లాలు నెహ్రూగారు వచ్చిరి. చేతిలో టికెట్టు లేదు. బాలిక అడ్డుకొన్నది. కార్యకర్తలు పరుగెత్తివచ్చి, ఎవరిని ఆపితివో తెలియునా యని మందలించిరి. తెలియునని, అందరికిని ఒకటే ఆజ్ఞ గదా యని ఆమె సమాధానము. రెండణాల టికెట్టు కొని తెచ్చిన తరువాతనే నెహ్రూగారు లోన నడుగిడిరి, బాలికను మెచ్చుకొనిరికూడ. ఈ కథను మనము పిల్లలకు ధైర్యమునకు దృష్టాంతముగా చెప్పుదుము. 4,300 రూపాయలు తక్కువైన తరువాత దీనియందు మాకు మరియొక సంగతి కనబడినది. ఆ పిల్ల నెహ్రూగారిని దొంగగా తలచినదా? లేదు. ఆయనను గౌరవించుచునే టికెట్టు అడిగినది. అడిగించుకొన్నవారును కించపడలేదు. మేమో! అమెరికావారు అడిగినందులకు కోపగించితిమి. అక్కగారిని అడుగుటకు మూడేండ్లు మొగమాటపడి, అడుగవలసివచ్చిన దినమున అవమానించితిమి. ప్రతి నెలయు అడిగియుండినచో ఆ యొక్క దినము వచ్చియుండదు.

దుర్గాబాయిగారు ఉప్పుసత్యాగ్రహమున జైలునకు పోయి వచ్చి, విడిచిన చదువును మరల పట్టి, బి.ఎ. పుచ్చుకొని, న్యాయవాది యైరి. మదరాసు మైలాపూరులో కొందరు బాలికలను, స్త్రీలను చేరదీసి, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు చదివింప మొదలుపెట్టిరి. ఆ చిన్నబడియే 1937 ప్రాంతమున ఆంధ్రమహిళాసభగా రూపుదాల్చినది. ఇంటిపని ముగించుకొని వచ్చు ఆడువారు నేలమీద కూర్చుండి చదువుకొనిన ఆ సభ, మదరాసులోను, పిదప హైదరాబాదులోను ఆసుపత్రులు, పాఠశాలలు, కళాశాలలు గల సంస్థగా పెరిగినది. 1953 లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యేర్పడగా ఆమె దానికి తొలి యధ్యక్షురాలైరి. అప్పటివరకు ఆమె అడిగెడి ప్రక్కన నిలుచుండినది. ఇప్పుడు ఇచ్చెడి ప్రక్కకు వచ్చినది. దేశమందలి చిన్న చిన్న సేవాసంఘములకు ప్రభుత్వపు సొమ్ము సహాయముగా నిచ్చుట ఆ మండలి పనిగా నుండెను. చదువు నడుమ మానిన స్త్రీలకు తక్కువకాలములో చదువు పూర్తిచేయించు తరగతులను ఆ మండలి 1958 లో మొదలుపెట్టినది. మైలాపూరు చాపలమీద పరీక్షించి చూచిన పద్ధతి దేశమంతటికి పనికివచ్చినది. 1962 లో ఢిల్లీలో సాంఘికాభివృద్ధిని గూర్చి పరిశోధన చేయు మండలికి బీజము వేసినదియు ఆమెయే. సేవ చేసిన చాలదు, చేసిన సేవ ఎవ్వరికి చేరినదో లెక్కించి చూడవలెనన్నమాట. ఆమె 1981 మే 9 న కీర్తిశేషురాలైనను, ఆమె కట్టిన సంస్థలు ఆమెతో పోలేదు.

ఇప్పుడు ఈ విద్యను విశ్వవిద్యాలయములలోనే నేర్పుచున్నారు. బొంబాయిలో టాటావారి పేరిట 1936 లోనే సంఘసేవకు కళాశాల వెలసినది. గుజరాతు ఆనందులో పల్లెసంస్థల నిర్వహణ నేర్పు విద్యాలయము 1979 లో ఏర్పడినది. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయమున దానధర్మముల శాస్త్రమునకే యొక కళాశాల యున్నది. దాత ఏల యిచ్చును, ఇచ్చినది ఎట్లు వ్యయమగును, సంఘము నడుపువారు ఎవరికి జవాబుదారులు అను విషయములపై అచ్చట డాక్టరు పట్టములిత్తురు. మా కోడలుపిల్ల ఇది చదివి వినిపించగా, మాలో నొకరు "మన డబ్బా సంగతి వాళ్లకు వ్రాయవే, పాఠంగా పెట్టుకుంటారు" అనిరి. చాలకాలమునకు మేమందరము కలిసి నవ్విన నవ్వు అది.

మాకు పాఠము చెప్పినవారు మాత్రము ఏ విశ్వవిద్యాలయమువారును కారు. మాలో నొకరి యింట పాత్రలు తోముటకు పొరుగుపల్లెనుండి వచ్చు నామె డ్వాక్రా సంఘపు లీడరు. 1982 లో మొదలైన ఆ పథకము, 1990 దశాబ్దపు పొదుపు ఉద్యమముతో మన రాష్ట్రమున ఊరూర వ్యాపించిన సంగతి మీరందరెరిగినదే. మా తగవు ఆమె చెవిని ఎప్పుడో పడినది. ఒకనాడు గిన్నె కడుగుచు కడుగుచు, తల యెత్తకయే, "అమ్మగారండీ, మీ పెద్దమ్మగారు తినుండరండి. మీరు రాసుండరు" అన్నది.

మా సంఘములో ఎట్లు చేయుదురని యడిగితిమి. ఆమె చెప్పినది యిది. వారు పదిమంది. నెలకు నియమితమైన దినమున, రాకున్నచో జరిమానా వేసికొని, కూడుదురు. కూడగానే గడచిన నెల లెక్కను ఒకరు బిగ్గరగా చదువుదురు. చదువు రానివారును విందురు. చేతిలోనున్న సొమ్మును అందరి కన్నులముందు లెక్కింతురు. ఎవ్వరికి అప్పు ఇచ్చినను ముందు తీర్మానము, పిదప సొమ్ము. తీర్మానముక్రింద అందరి సంతకములు, వ్రేలిముద్రలు. బ్యాంకునుండి తీయుటకు ఒక్కరి సంతకము చాలదు. సొమ్ము దాచునామెయు, పుస్తకము వ్రాయునామెయు ఒక్కరు కారాదు. "డబ్బు ఒకళ్ల దగ్గర, పుస్తకం ఇంకోళ్ల దగ్గర ఉంటే ఇద్దరికీ నిద్ర పడుతుందండి" అన్నది. ఒకసారి సంఘములో ఒకామె బిడ్డకు జ్వరమువచ్చి అర్ధరాత్రి సొమ్ము కావలసివచ్చినదట. ఇచ్చిరా, తీర్మానము లేదని మానిరా యని అడిగితిమి. "ఇవ్వకుండా ఎలా ఉంటామండి? ఇచ్చి, తెల్లారగట్ల నలుగురిళ్లకీ వెళ్లి చెప్పొచ్చానండి" అని ఆమె సమాధానము.

పదవతరగతి గడప దాటని ఆమె యెదుట, బి.ఎ.లు, ఎం.ఎ.లు గల మేము పలకబలపము పట్టిన పిల్లలవలె కూర్చుంటిమి. ఆమె చేయి తుడిచికొని, మా చిట్టాపుస్తకమును తెప్పించుకొని, పుటలు త్రిప్పి చూచి, "బాగానే మొదలెట్టారండి" అన్నది.

ఆ సాయంకాలము మేము పన్నెండవవారు లేని పదునొకండుగురమును అక్కగారింటికి పోయితిమి. ఏమి మాటాడవలెనో త్రోవలో అనుకొన్నమాటలన్నియు గుమ్మమువద్ద మరచితిమి. అక్కగారు మజ్జిగ యిచ్చిరి. కొంతసేపు ఎండలను గూర్చియు, మామిడికాయల ధరను గూర్చియు మాటాడుకొంటిమి. చివరకు మాలో చిన్నవారు "అక్కగారూ, ఆ రోజు మేము మాట్లాడి ఉండవలసింది" అనిరి. అక్కగారు కొంగుతో కన్నులొత్తుకొని, లోనికి పోయి, ఒక ప్లాస్టిక్కుసంచి తెచ్చి చాపమీద గ్రుమ్మరించిరి. మందులదుకాణపు రసీదులు, చిరిగిన క్యాలెండరు కాగితములు, గ్యాసుబండ చీటీ వెనుక పెన్సిలుతో వ్రాసిన అంకెలు! ఒక పిల్ల తల్లికి ఆసుపత్రిలో ఇచ్చినది 1,500. ఒక పిల్లకు కండ్లజోడు. ఒక యింటికి రెండుమార్లు బియ్యము. ఎవ్వరికిని చెప్పవద్దని ఆ యింటివారు చేతులు పట్టుకొన్నందున చెప్పలేదట. రహస్యముగా ఇచ్చుట ధర్మమని వారు పెరిగినది. ఆ సంచిని ఇంతకాలము చూపకుండుటకు కారణము వేరు. "అడిగితే చూపించేదాన్ని. మీరు అడగలేదు, అనుకున్నారు" అనిరి.

రాత్రి పదిగంటలవరకు కూర్చుండి ఆ చీటీలన్నిటిని తేదీలవారీగా పేర్చితిమి. 3,750 రూపాయలకు లెక్క దొరికినది. మిగిలిన 550 కి దొరకలేదు. అక్కగారు తాము వేయుదుమనిరి, మేము ఒప్పలేదు. మేము తలాకొంత వేసి పూడ్చెదమంటిమి, వారొప్పలేదు. ఇట్టి సందర్భమున నేమి చేయుదురని మరునాడు ఆ డ్వాక్రా లీడరునే యడిగితిమి. "ఉన్నదున్నట్టు రాసేయండి. దిద్దితేనే అనుమానం" అన్నది. ఇరువదియేడవ పుట క్రిందిసగమున "లెక్క తేలనిది: 550 రూ." అని వ్రాసి, క్రింద పన్నెండుగురమును సంతకములు చేసితిమి.

మిగిలిన పనులు ఆలస్యమైనను చిక్కులేకుండ జరిగినవి. మన రాష్ట్రపు 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏడుగురున్న చాలును, మేము పన్నెండుగురము. నియమావళి వ్రాయుటకు రెండు మధ్యాహ్నములు, దానిలోని తప్పులు దిద్దించుటకు మూడు వారములు పట్టినవి. రిజిస్ట్రారు కచేరీకి మాలో నలుగురము పోగా, అచ్చట నున్నవారు మా వెనుక మగవారెవరైన వచ్చిరేమో యని మాటిమాటికి వాకిలివైపు చూచిరి. ఎవ్వరును రాలేదు. బ్యాంకుఖాతా తెరచితిమి. ప్రతి నెల రెండవ శనివారము కూడుదుము. కూడగానే లెక్క చదువుదుము. రహస్యముగా సహాయము కోరువారి పేరు పుస్తకములో నుండదు. వారికొక సంఖ్య యుండును. ఆ సంఖ్య యెవరిదో తెలిసినవారు ఇద్దరుందురు. ఈ యేర్పాటు అక్కగారిదే.

అమెరికావారికి జమాఖర్చుల కాగితము పంపితిమి. తేలని 550 ని దాచలేదు. దాచవలెనని మాలో కొందరన్నమాట నిజము. దానికొరకు ఒక శనివారమంతయు వాదము జరిగినది. వారు పంపుదుమన్న సొమ్ము పంపిరి. రసీదు పుస్తకములో మొదటి రసీదు వారిదే.

ఏడాది పోగొట్టుకొన్న ఆ పిల్ల దుకాణములో పని మానలేదు. తల్లికి ఆ జీతము అలవాటైనది. మేము పోయి అడిగినపుడు పిల్ల ఆలోచించి, పని చేయుచునే ప్రయివేటుగా కట్టెదనన్నది. గడువునకు పదిదినములు ముందే రుసుము కట్టి, రసీదు ఆమెకిచ్చి, నకలు పుస్తకములో అంటించితిమి. అది ఇరువదియెనిమిదవ పుట. ఆ పుటలో మొదటి పంక్తి అక్కగారి చేతివ్రాత. వారికి చిన్నప్పటినుండి గొలుసుకట్టు వ్రాత. మా కోడలుపిల్లకు అది చదువుట కష్టము. నెలనెల లెక్క చదువునపుడు ఆ పంక్తివద్ద ఆగి, "అక్కగారూ, ఇదేమిటి?" అని యడుగును. వారు కండ్లజోడు సవరించుకొని, బిగ్గరగా చదివి చెప్పుదురు.